నీరు ఎప్పుడు మందవుతుంది

తాగే నీరు మందుగా పనిచేసే సందర్భాలు ప్రధానంగా రెండు. ఒంట్లోంచి నీరు, దానితోపాటు ఉప్పు పోయినందువల్ల వచ్చే బాధలు మొదటివి: ఎండకు కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, బేదులతో సొమ్మసిల్లడం. మూత్రం చిక్కబడినందువల్ల వచ్చేవి రెండోవి: మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్లు, పదే పదే వచ్చే మూత్రనాళపు ఇన్ఫెక్షన్లు. ఈ రెండు చోట్లా నీటి గుణం వైద్య పరీక్షలకు నిలిచింది. తలనొప్పి, అజీర్ణం, జలుబు, మలబద్ధకం వంటి వాటికి కూడా నీళ్లే మందని చెప్పుకుంటారు. అక్కడ నీటి పాలు కొంత, నమ్మకం పాలు ఎక్కువ.

డెబ్బై కిలోల మగవాడి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీరు ఉంటుంది. ఆడవారిలో ఈ పాలు కొంచెం తక్కువ. ఒంట్లోని నీటిలో మూడింట రెండు వంతులు కణాల లోపలే ఉంటుంది. మిగతాది కణాల చుట్టూ, రక్తంలో తిరుగుతుంది. కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో తప్ప మిగిలినదంతా తిరిగి రక్తానికే అప్పగిస్తాయి. రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ పసిగడుతుంది. వెంటనే దాహం వేస్తుంది. వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలై, నీటిని వదలవద్దని కిడ్నీలకు చెబుతుంది. అప్పుడు మూత్రం తగ్గి చిక్కబడుతుంది. ఎంత పొదుపు చేసినా ఒంట్లోని వ్యర్థాలను కడిగి పంపడానికి రోజుకు కనీసం అర లీటరు మూత్రం పోక తప్పదు. ఆరోగ్యవంతులకు దాహం నమ్మదగిన గుర్తు. ముసలివారిలో అది మొద్దుబారుతుంది, చంటిపిల్లలు దాహమని చెప్పలేరు, ఒళ్లు మరిచి ఎండలో పనిచేసేవారికి దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. ఈ ముగ్గురికీ గుర్తు చేసి తాగించాల్సిందే.

రోజుకు ఎనిమిది గ్లాసులనే లెక్క అందరి నోటా నానింది. అమెరికాలో 1945లో ఒక పోషకాహార మండలి పెద్దవారికి రెండున్నర లీటర్లు కావాలని రాసింది. ఆ నీటిలో చాలా భాగం తినే ఆహారంలోనే దొరుకుతుందని పక్కనే రాసిన మాట జనం మరిచిపోయారు. హైంజ్ వాల్టిన్ అనే కిడ్నీ శాస్త్రవేత్త 2002లో ఈ లెక్క పుట్టుపూర్వోత్తరాలు వెతికి, ఆరోగ్యవంతులంతా ఎనిమిది గ్లాసులు తాగి తీరాలనడానికి శాస్త్రాధారం కనిపించలేదని తేల్చాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుకు సుమారు రెండు లీటర్లని చెబుతూనే, ఎండలో, ఒళ్లు వంచి చేసే పనిలో ఇది పెరుగుతుందని అంటుంది. అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. పప్పు, చారు, మజ్జిగతో భోంచేసే ఇంట్లో కంచంలోంచే చాలా నీరు ఒంటికి చేరుతుంది. రొట్టె, వేపుడు తినేవారి లెక్క వేరు.

నీటితో రోగాలు నయం చేయవచ్చన్న పద్ధతి తెలుగు దేశానికి రెండు దారుల్లో వచ్చింది. మొదటిది ఆయుర్వేదం. తెల్లవారుజామున నీళ్లు తాగే ఉషఃపానాన్ని భావప్రకాశం చెప్పింది. అంతకు చాలా ముందటి వాగ్భటుడి అష్టాంగహృదయం మాత్రం శరదృతువు, గ్రీష్మం తప్ప మిగతా కాలాల్లో ఆరోగ్యవంతుడు కూడా నీళ్లు కొద్దిగానే తాగాలని అంటుంది. జీర్ణశక్తి తగ్గినవారు, పొట్టలో నీరు చేరినవారు మరీ తగ్గించాలంటుంది. బిందెడు నీళ్లు తాగమనేవారు, ప్రాచీనులు చెప్పారని సాక్ష్యం తెచ్చేటప్పుడు ఈ భాగాన్ని ఎందుకో దాటేస్తారు.

రెండో దారి యూరప్‌ది. ఇప్పటి చెక్ దేశంలోని గ్రాఫెన్‌బర్గ్‌లో విన్సెంజ్ ప్రిస్నిట్జ్ చన్నీటి స్నానాలతో, గ్లాసుల కొద్దీ చన్నీళ్లు తాగించి చేసిన వైద్యం పందొమ్మిదో శతాబ్దంలో యూరపంతా పాకింది. తర్వాత లైప్‌జిగ్‌లో లూయీ కూనే తొట్టి స్నానాలతో పేరు తెచ్చుకున్నాడు. అతని గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ అనువాదాలు మరో పదేళ్లకు గానీ రాలేదు. మన దేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమం తెలుగు పుస్తకంతో మొదలైందని చెప్పడం ఆ కారణంగానే. గాంధీ కూనే తొట్టి స్నానాలను, మట్టి పట్టీలను తన ఆశ్రమాల్లో వాడాడు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో నీటికి ఒక అధ్యాయం కేటాయించాడు. హైదరాబాద్‌లో 1949లో ప్రకృతి చికిత్సాలయం, 1970లో ప్రకృతి వైద్య కళాశాల వచ్చాయి. ఇంత చరిత్రలో నీటిని ప్రధానంగా ఒంటి పైనే వాడారు, లోపలికి తాగడానికి ఇచ్చిన చోటు తక్కువ. పొద్దున్నే లీటరుకు పైగా తాగే అలవాటు తెలుగు ఇళ్లలోకి వచ్చింది ఈమధ్యనే. ప్రకృతి వైద్య ప్రచారకుడు మంతెన సత్యనారాయణ రాజు ఉపన్యాసాలు, పుస్తకాలు, టీవీ కార్యక్రమాలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి.

నీరు నిజంగా మందయ్యే చోటు చూడాలంటే తిరుపతి జిల్లాలో, రేణిగుంటకు శ్రీకాళహస్తికి నడుమ ఉన్న ఏర్పేడు వైపు మే నెలలో వెళ్లాలి. మలయాళ స్వామి 1926లో వ్యాసాశ్రమం స్థాపించిన ఊరు ఇది.  పంచాంగంలో కర్తరి మొదలయ్యాక ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలి వేడి ఒంటి వేడిని మించిన తర్వాత చల్లబడడానికి ఒంటికి మిగిలే దారి చెమట ఆరడం ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి ఒంటిని వదిలి పోతుంది. ఇటుక బట్టీలోనో, వేరుశనగ చేలోనో, తారు రోడ్డు మీదనో పనిచేసే మనిషి గంటకు లీటరు, ఒక్కోసారి లీటరున్నర చెమట పోగొట్టుకుంటాడు. కారి నేల మీద పడిన చెమట వల్ల చలువ రాదు, నీరు మాత్రం పోతుంది.

చెమట ఉప్పగా ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత ఉప్పు పోతుందో మాత్రం చాలామంది ఊహించరు. మనిషిని బట్టి మారినా, లీటరు చెమటలో రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉప్పు పోతుందనుకోవచ్చు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నాలుగైదు లీటర్లు కారితే పది గ్రాముల ఉప్పు పోయినట్టే. దానికి బదులు ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. దాహం తీరిందనిపిస్తుంది, కానీ పిక్కలు, పొట్ట కండరాలు పట్టేస్తాయి, తల దిమ్ముగా ఉంటుంది, నీరసం తగ్గదు. వారం పది రోజులు ఎండకు అలవాటు పడిన ఒంట్లో ఆల్డోస్టిరాన్ హార్మోను పనిచేసి చెమటలో ఉప్పు తగ్గిస్తుంది. ఏడాది పొడుగునా చేలో ఉండే రైతు తట్టుకున్న ఎండకు, సెలవులకు ఊరొచ్చి ఒక్కరోజు కోతకు దిగిన కొడుకు పడిపోవడానికి ఇదొక కారణం.

రాయలసీమ పల్లెల వేసవి తిండి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పొద్దున సద్దిలో ఉప్పు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేస్తారు. రాగి అంబలి, ఉప్పేసిన గంజి, పలచటి మజ్జిగ చేలోకి చెంబులతో వెళ్తాయి. వీటిలో నీరు, సోడియం, కొంత పొటాషియం, పిండిపదార్థం కలిసే ఉన్నాయి. ఆటల వాళ్లకోసం సీసాల్లో అమ్మే రంగు పానీయాల్లో ఉన్నవీ దాదాపు ఇవే, చక్కెర ఎక్కువ. వేసవిలో ఊరి సెంటర్లలో పెట్టే చలివేంద్రాల్లో కుండ నీళ్లతోపాటు మజ్జిగ కూడా పోస్తున్నారంటే అది దాతల దయతోపాటు శరీరశాస్త్రం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2015 మే నెల వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం కూడా చలివేంద్రాల మీద, మజ్జిగ పంపకం మీద శ్రద్ధ పెంచింది.

ఎండలో పనిచేసేటప్పుడు ఒకేసారి చెంబులకు చెంబులు ఎత్తి తాగడం కన్నా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగడం మేలు. గంటకు లీటరున్నర మించకూడదు. పొట్టలోంచి పేగుల్లోకి, అక్కడినుంచి రక్తంలోకి నీరు చేరే వేగానికి ఒక హద్దు ఉంది. కుండ నీళ్లా, ఫ్రిజ్ నీళ్లా అన్న తగాదాలో సారం తక్కువ. చల్లటివి కాస్త ఎక్కువ తాగబుద్ధవుతాయి, అంతే తేడా.

వడదెబ్బ దగ్గర తాగే నీటి పని ఆగిపోతుంది. ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తెలివి తప్పుతుంటే నోట్లో నీళ్లు పోయడం ప్రమాదం, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు నీటిని ఒంటి పైన వాడాలి: నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గట్టిగా విసరాలి. చంకలు, మెడ, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. ఆ పని చేస్తూనే 108కి ఫోన్ చేయాలి. చల్లబరచడంలో పోయే ప్రతి నిమిషం మెదడుకు నష్టం.

వేసవిలో వినిపించే మరో మాట ఒంట్లో వేడి చేసిందన్నది. నోటి పుండ్లు, కళ్ల మంట, చెమటకాయలు, మూత్రంలో మంట అన్నీ ఆ ఒక్క మాటలోకి వస్తాయి. వీటిలో నీటితో పోయేది ముఖ్యంగా చివరిదే. నీరు చాలక చిక్కబడిన మూత్రం ముదురు పసుపు రంగుకు తిరిగి, పోసేటప్పుడు మండుతుంది. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజల పానకం తాగితే పూటలో తగ్గిపోతుంది. చలువ చేసిందని సబ్జా గింజలకు పేరు వస్తుంది గానీ, పనిచేసింది ఆ గింజలు నానిన నీరు. రెండు రోజులు బాగా తాగినా మంట తగ్గకపోతే, జ్వరమో నడుము నొప్పో తోడైతే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టరును చూడాలి. మూత్రం లేత ఎండుగడ్డి రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్టు. బి విటమిన్ మాత్రలు వేసుకునేవారికి ఈ రంగు గుర్తు పనికిరాదు.

కిడ్నీ రాళ్ల విషయంలో నీటికి ఉన్నంత గట్టి సాక్ష్యం మరే ఇంటి వైద్యానికీ లేదు. మూత్రంలో కాల్షియం, ఆక్సలేటు, యూరిక్ ఆమ్లం కరిగి ఉంటాయి. నీరు తగ్గి గాఢత హద్దు దాటితే స్ఫటికాలుగా పేరుకుంటాయి. వేడి ప్రాంతాల్లో రాళ్లు ఎక్కువ కావడానికి చెమట ఒక ముఖ్య కారణం. ఇటలీలో బోర్గీ బృందం మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించి 1996లో ఫలితం ప్రకటించింది. రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవారిలో 12 శాతం మందికి, మామూలుగా ఉన్నవారిలో 27 శాతం మందికి రాయి మళ్లీ వచ్చింది. ఇక్కడ లెక్క పెట్టాల్సింది తాగిన నీటిని కాదు, వచ్చిన మూత్రాన్ని. ఏసీ గదిలో కూర్చునేవారికి రెండున్నర లీటర్లు తాగితే రెండు లీటర్ల మూత్రం వస్తుంది. ఏర్పేడు ఎండలో మేస్త్రీ పని చేసేవారికి ఐదు లీటర్లు తాగినా రాకపోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు తాగడం అవసరం, నిద్రలోనే మూత్రం బాగా చిక్కబడుతుంది. నిమ్మరసంలోని సిట్రేటు కాల్షియం పేరుకోకుండా కొంత అడ్డుపడుతుంది. ఉలవ కట్టు, అరటి దూట రసం, బార్లీ నీళ్లు రాయిని కరిగిస్తాయన్న నమ్మకం సీమలో బలంగా ఉంది. అవి తాగేవారంతా రోజంతా నీళ్లు కూడా గట్టిగా తాగుతారు, మేలులో ఎక్కువ వాటా దానిదే అయి ఉండాలి. పెద్ద రాయి అడ్డుపడి మూత్రం ఆగినప్పుడు నీళ్లు ఎక్కువ తాగితే నొప్పి పెరుగుతుందే తప్ప రాయి కదలదు.

ఆడవారిలో మాటిమాటికీ వచ్చే మూత్రనాళపు ఇన్ఫెక్షన్లకు కూడా నీరు పనిచేస్తుందని 2018లో అచ్చయిన పరీక్ష చూపింది. రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే 140 మందిలో సగం మందికి అదనంగా మరో లీటరున్నర నీళ్లు ఇచ్చారు. ఏడాదిలో వారికి ఇన్ఫెక్షను సగటున 1.7 సార్లు, మిగతావారికి 3.2 సార్లు వచ్చింది. దీనికి మన దగ్గర ఇంకో అర్థం ఉంది. మరుగుదొడ్డి లేని బడిలో, పొలంలో, దుకాణంలో పొద్దంతా గడిపే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానుకుంటారు. వారికి నీళ్లు తాగమని సలహా ఇవ్వడం కన్నా మరుగుదొడ్డి కట్టడం ముందు చేయాల్సిన వైద్యం.

బేదులకు నీరు మందైన కథ ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో పెద్ద మలుపు. కలరాలో మనిషి గంటల్లో లీటర్ల కొద్దీ నీరు, ఉప్పు పోగొట్టుకుంటాడు. ఉత్త నీళ్లు తాగిస్తే పేగులు పీల్చుకోవు, అలాగే బయటికి పోతాయి. 1960లో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఒక సంగతి చెప్పాడు: పేగు గోడలో గ్లూకోజును, సోడియాన్ని జంటగా లోపలికి లాగే వాహకం ఉంది. అవి రెండూ లోపలికి పోతే నీరు వాటి వెంట పోతుంది. కలరా విషం ఈ వాహకాన్ని ఏమీ చేయదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు బెంగాల్ సరిహద్దులోని బంగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయిన స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను బంధువుల చేతే తాగించాడు. రోగుల్లో మూడో వంతుకు దగ్గరగా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. 2022లో ఆయన చనిపోయాక, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇలా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లకే ఓఆర్‌ఎస్ అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సరిచేసిన ఓఆర్‌ఎస్ పొట్లంలో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పొట్లం దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీటికి తలగొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపితే పని జరుగుతుంది. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం, కన్నీటి కన్నా ఉప్పగా ఉండకూడదు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీటిని లాగి బేదులు పెంచుతుంది. సీసాల్లో వచ్చే తియ్యటి పానీయాలు పిల్లలకు ఈ కారణంగానే పనికిరావు. బియ్యం నుంచి తీసిన పిండిపదార్థంతో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో బేదుల మొత్తాన్ని తగ్గిస్తుందని తర్వాతి పరీక్షలు తేల్చాయి. ఉప్పు గంజికి శాస్త్రం ఇచ్చిన మార్కులు ఇవి. రెండేళ్ల లోపు పిల్లలకు ఒక్కో విరేచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు దానికి రెట్టింపు చెంచా చెంచాగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు మాత్రలు 10 నుంచి 14 రోజులు వేయాలి. కళ్లు గుంటలు పడి, పొట్ట చర్మం గిల్లితే మెల్లగా సర్దుకుంటూ, బిడ్డ మగతగా ఉంటే ఇంట్లో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మిగతా చిన్న జబ్బుల మీద సాక్ష్యం ఇంత గట్టిది కాదు. నీరు తగ్గినందువల్ల వచ్చిన తలనొప్పి రెండు గ్లాసులు తాగితే అరగంట, గంటలో తగ్గుతుంది. మాటిమాటికీ తలనొప్పి వచ్చేవారికి నెదర్లాండ్స్‌లో రోజూ లీటరున్నర అదనంగా తాగించి చూస్తే తలనొప్పి రోజులు తగ్గలేదు, బాగున్నామని మాత్రం వారు చెప్పారు. మలబద్ధకంలో పీచు తినేవారికి నీరు తోడైతే మేలు ఎక్కువ. నీరు ముందే సరిపోతున్నవారు ఇంకా తాగితే అది మూత్రంగా పోతుంది, మలాన్ని మెత్తబరచదు. పరగడుపున నీళ్లు తాగగానే విరేచనం అవుతుందన్నది కల్ల కాదు, పొట్ట నిండగానే పెద్దపేగు కదలడం ఒక సహజ ప్రతిచర్య. అందుకు ఒక గ్లాసు చాలు, లీటరున్నర అక్కర్లేదు. భోజనం మధ్య నీళ్లు తాగితే జీర్ణరసాలు పలచబడి అరగదన్న మాటకు ఆధారం లేదు, పొట్ట అవసరమైనంత ఆమ్లం మళ్లీ ఊరుస్తుంది. నిలబడి తాగితే మోకాళ్ల నొప్పులు వస్తాయన్నదీ అలాంటిదే.

జలుబు, గొంతునొప్పిలో వేడి పానీయం ఇచ్చే ఉపశమనం నిజమే, జలుబు రోజులు మాత్రం తగ్గవు. జపాన్‌లో 387 మంది మీద జరిగి 2005లో అచ్చయిన పరీక్షలో, ఉత్త నీటితో రోజూ పుక్కిలించినవారికి జలుబులు మూడో వంతు పైగా తగ్గాయి. అక్కడ నీళ్లు మింగలేదు, ఉమ్మేశారు. నిలుచుంటే కళ్లు తిరిగేవారికి, రక్తదానానికి ముందు భయపడేవారికి అర లీటరు నీళ్లు కొద్ది నిమిషాల్లోనే రక్తపోటును కాస్త నిలబెడతాయి. ఎక్కువ ప్రచారం లేని ఈ ఉపయోగం బాగా పరీక్షించినది. ఆస్తమా నుంచి అల్సర్ దాకా అన్నిటికీ మూలం దాహమేనని ఇరాన్ డాక్టరు బాత్మాన్‌గెలిడ్జ్ 1992లో రాసిన పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఆ వాదానికి నిలిచే పరీక్షలు మాత్రం ఎక్కడా రాలేదు.

నీరు ఎక్కువైనా విషమే. ఆరోగ్యమైన కిడ్నీలు గంటకు లీటరుకు కాస్త తక్కువ నీటినే వదిలించుకోగలవు. అంతకు మించి తాగుతూ పోతే సోడియం పడిపోయి, మెదడు కణాలు ఉబ్బి, వాంతులు, తికమక, మూర్ఛ వస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో పరిశీలించిన 488 మందిలో 13 శాతం మందికి పరుగు ముగిసేసరికి సోడియం తగ్గింది. వారిలో చాలామంది దారిలో బరువు పెరిగేంతగా నీళ్లు తాగినవారు. మారథాన్ పరుగెత్తకపోయినా, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వేసుకుంటూ, ఉప్పు పూర్తిగా మానేసి, రోజుకు ఐదు లీటర్లు తాగే డెబ్బై ఏళ్ల మనిషికి ఇదే ప్రమాదం ఇంట్లో కూర్చున్నా వస్తుంది. ముసలివారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే పక్షవాతమని అనుకుంటారు. సోడియం పరీక్ష కూడా చేయించాలి. గుండె బలహీనమై కాళ్లు వాచినవారు, కిడ్నీలు దెబ్బతిన్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న వేలమందికి ఎన్ని నీళ్లు తాగాలన్నది సాధారణ సలహా కాదు, ఒక్కొక్కరికీ వేర్వేరుగా రాయాల్సిన మందు చీటీ.

ఎంత తాగాలన్న దానికన్నా ఏ నీళ్లు తాగాలన్నది ముందు తేలాలి. ఏర్పేడు ప్రాంతపు స్వర్ణముఖి నది ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. ఆ ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్లు తెచ్చుకోవడం ఒడ్డు పల్లెలకు పాత అలవాటు. ఇసుక పొరల గుండా దిగిన నీరు మడ్డి, చాలా సూక్ష్మజీవులు వదిలించుకుని వస్తుంది, నగరాల్లో నీటిని శుభ్రం చేసే నెమ్మది ఇసుక వడపోత ఈ సూత్రం మీదే నడుస్తుంది. చెలమ చుట్టూ పశువులు తిరిగినా, పైన మురుగు కలిసినా ఆ గుణం చెడుతుంది. కామెర్లు, టైఫాయిడ్ అనుమానం ఉన్న రోజుల్లో నీళ్లు తెర్లేలా మరిగించి ఒక నిమిషం ఉంచితే సూక్ష్మజీవులు చస్తాయి. రాగి బిందెలో రాత్రంతా ఉంచినా చాలా బాక్టీరియా చస్తాయని 2012లో బెంగళూరు పరిశోధకులు చూపారు, నీటిలో కలిసిన రాగి హద్దులోపే ఉంది. అదే బిందెలో మజ్జిగో నిమ్మకాయ నీళ్లో పోస్తే మాత్రం కిలుం దిగి వాంతులవుతాయి.

మరిగించినా పోనివి ఫ్లోరైడ్, నైట్రేట్. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో గుర్తించింది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ జిల్లాలో కొంత భాగం 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. రాతి నేలలో బోరు లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడ్ దొరికే అవకాశం పెరుగుతుంది. భారత ప్రమాణం లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే నీరు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చంటుంది. లీటరుకు రెండు మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగేవారికి నాలుగు మిల్లీగ్రాములు చేరితే, నీటి వైద్యమని ఐదు లీటర్లు తాగేవారికి పది చేరతాయి. ఎండలో కష్టం చేసి ఎక్కువ తాగేవారి పళ్లు, ఎముకలే ముందుగా దెబ్బతినడం ఇందువల్లే. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతితో దాన్ని తగ్గించవచ్చు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతి బిందెలో నీటికి కూడా పనికొస్తుంది.